చుక్కాని, తెడ్డు, సంగడి: తెలుగు తీరపు తెప్పల దిశానియంత్రణ – ఒక పదచారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పడవ దిశను మార్చే సాధనానికి తెలుగులో స్థిరపడిన మాట 'చుక్కాని'. ఇది అరబ్బీ, పారశీక నౌకాపరిభాష నుంచి వచ్చి చేరిన పదం. తెప్ప, దోనె, తెడ్డు, తెరచాప, సంగడి వంటివి తీరవాసుల పాత పదజాలం. ఈ రెండు పొరలను పక్కపక్కన ఉంచి చూస్తే, తెప్పకు చుక్కాని లేకపోవడం వెనుకబాటు కాదనీ, అలల ఒడ్డుకు తగిన వేరొక పద్ధతి అనీ తెలుస్తుంది. ఆ పద్ధతిని, దాని సంరక్షణను, తరువాతి కాలంలో వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తెప్ప, సంగడి, చుక్కాని, లంగరు, మచిలీపట్నం, గోల్కొండ, వృత్తిపదాలు

1. పాతబస్తీ లంగరు, బందరు లంగరు

హైదరాబాదు పాతబస్తీ సంప్రదాయంలో 'లంగర్' అంటే గొలుసు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా (పాలన 1626–1672) యువరాజుగా ఉన్నప్పుడు ఎక్కిన ఏనుగు మదించి అతనితో సహా అడవిలోకి పారిపోయిందని ఐతిహ్యం. బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసును హుసేనీ ఆలంకు సమర్పిస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకున్నదట. ఆ మొక్కు మొహర్రం రోజుల్లో లంగర్ ఊరేగింపుగా మారి, అసఫ్‌జాహీల కాలంలోనూ వైభవంగా సాగింది. అదే మాట మచిలీపట్నంలో, కాకినాడలో, విశాఖలో వినిపిస్తే అర్థం వేరు. అక్కడ లంగరు ఓడను నిలిపి ఉంచే ఇనుప కొక్కెం. రెండూ ఒకే పారశీక పదం.

సముద్రానికి చాలా దూరంలో, మూసీ ఒడ్డున 1591లో వెలసిన నగరానికీ తీరానికీ మధ్య ఉన్న బంధం ఈ ఒక్క మాటలో కనిపిస్తుంది. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు, పండితులు, ఉద్యోగార్థులు అనేకులు ఆ రేవులో దిగి రాజధానికి చేరారు. అర్దిస్తాన్ ప్రాంతం నుంచి వచ్చిన ముహమ్మద్ సయ్యద్ మచిలీపట్నం అధికారిగా పనిచేసి, 'మీర్ జుమ్లా'గా ఎదిగి, సొంత ఓడలు నడిపాడు. కాబట్టి తెలుగులోని పారశీక పదాల చరిత్రను కచేరీకీ దర్బారుకూ మాత్రమే ముడిపెట్టడం సరికాదు. రైతు, వకీలు, తాలూకా వంటి మాటలు పాలనతోపాటు పైనుంచి గ్రామాలకు దిగాయి. లంగరు, సరంగు, చుక్కాని వంటివి ఓడ పనివారి నోట తీరంలో పుట్టి లోపలికి వచ్చాయి. ఈ రెండవ దారిపై తెలుగు పరిశోధకుల దృష్టి తక్కువగానే పడింది.

2. చుక్కాని ఎక్కడిది?

'చుక్కాని' వినగానే తెలుగు పాఠకునికి 'చుక్క' గుర్తుకువస్తుంది. రాత్రి చుక్కలను చూసి నడిపేది గనుక చుక్కాని అన్న వ్యుత్పత్తి మనోహరంగా ఉంటుంది. అయితే ఆధారం దానికి అనుకూలంగా లేదు. అరబ్బీలో ఓడ దిశను మార్చే పలకకు 'సుక్కాన్' అని పేరు. దాన్ని పట్టేవాడు పారశీకంలో 'సుక్కానీ'. ఈ మాటే ఆంగ్లేయుల ఓడల్లో 'సీకన్నీ'గా మారిందని 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు వివరిస్తుంది. తమిళంలో 'సుక్కాన్', మలయాళంలో 'చుక్కాన్', కన్నడంలో 'చుక్కాణి' అదే అర్థంలో ఉన్నాయి. ఇన్ని తీరాల్లో ఒకే మాట ఒకే వస్తువుకు ఉండటం సముద్రవర్తకం మిగిల్చిన గుర్తు. తెలుగు రూపం చివరి 'ని' విషయంలో ఒక ఊహకు అవకాశం ఉంది: పట్టేవాని పేరు 'సుక్కానీ' పట్టిన వస్తువుకు బదిలీ అయి ఉండవచ్చు.

వస్తువు చరిత్ర కూడా ఈ దిక్కే చూపుతుంది. ఓడ వెనుక కొసన మధ్యలో కీళ్లపై తిరిగే పలకను క్రీ.శ. 1237లో యహ్యా అల్‌వాసితీ చిత్రించిన 'మకామాత్' ప్రతిలో స్పష్టంగా చూడవచ్చు. అంతకు ముందే, 10వ శతాబ్దంలో, ఎర్రసముద్రపు ఓడల గురించి అల్‌ముకద్దసీ ఇచ్చిన వివరణ ఆసక్తికరం. ఓడ యజమాని పైన నిలిచి నీటిలోని బండలను కనిపెడుతుంటాడు. ఇద్దరు కుర్రవాళ్లు అతని మాటను కేకలతో వెనక్కు చేరవేస్తారు. వెనుక ఉన్నవాడు చేతిలోని రెండు తాళ్లను అటో ఇటో లాగి పలకను తిప్పుతాడు. నేటి ఓడలో చక్రం, గొలుసులు, నూనె ఒత్తిడితో పనిచేసే గొట్టాలు చేసే పనిని అక్కడ రెండు తాళ్లు, రెండు గొంతులు చేశాయి.

అంతకు పూర్వపు దక్కనులో ఏమున్నది? సంస్కృతంలో ఓడ నడిపేవాడు 'కర్ణధారుడు'. కర్ణం అంటే చెవి. తలకు పక్కన చెవి ఉన్నట్లే ఓడ వెనుకభాగపు పక్కన కట్టిన పెద్ద తెడ్డుకు ఈ పేరు అతికినట్లు సరిపోతుంది. అజంతా 2వ గుహలోని మూడు తెరచాప కొయ్యల ఓడకు పక్కతెడ్లే ఉన్నాయి. ఈ గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోనివి. గులాం యజ్దానీ నేతృత్వంలో హైదరాబాదు పురావస్తుశాఖ అజంతా చిత్రాలను సంపుటాలుగా ప్రచురించింది. శాతవాహనుల నౌకాముద్రిత నాణేలపై కనిపించే రెండు కొయ్యల ఓడనూ ఈ సందర్భంలోనే గమనించాలి. 'అరిత్రం' అనే సంస్కృతపదానికి నిఘంటువులు ఇచ్చే అర్థాలు కూడా ఇక్కడ ఉపయోగపడతాయి. అది నీటిని తోసే తెడ్డుకూ, దిశను మార్చే సాధనానికీ పేరు. చాలాకాలం ఆ రెండూ ఒకే కొయ్య చేసిన పనులు.

శ్రీనాథుని 'హరవిలాసం' కృతిభర్త అవచి తిప్పయసెట్టి వర్తకాన్ని చెప్పే చోట కప్పలి, జోంగు వంటి ఓడపేర్లు వస్తాయి. వాటిలో జోంగు మలయా సముద్రాల వైపు నుంచి వచ్చిన మాట. పెద్ద ఓడల విషయంలో తెలుగు ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకునే భాషగానే ఉంది. చిన్న తెప్ప విషయంలో మాత్రం అప్పు చేయలేదు.

3. తెప్ప: తాడే కీలు

'కట్టుమరం' తమిళపదం, కట్టిన కొయ్య అని అర్థం. తెలుగు తీరంలో దానికి తెప్ప అని పేరు. 1920లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ప్రచురించిన అధ్యయనంలో జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల నిర్మాణాన్ని వర్గీకరిస్తూ, విశాఖ–గంజాం తీరపు తెప్ప దక్షిణపు కట్టుమరం కంటే భిన్నమైన, పడవ ఆకృతికి దగ్గరైన రూపమని గుర్తించాడు. పూరీ తీరంలో స్థిరపడిన తెలుగు మత్స్యకారుల తెప్పలో ఈ భేదం బాగా తెలుస్తుంది. ఒడిశాలో వారిని నోలియాలు అంటారు. వారిలో వాడబలిజలు ముఖ్యులు. వారి తెప్ప నిలువునా రెండు సగాలు. నీటిలోకి దించే ముందు రెండింటినీ తాళ్లతో బిగిస్తారు. తిరిగివచ్చాక విప్పి, ఒక్కొక్క సగాన్నీ భుజాలపై మోసుకుపోయి ఇసుకపై ఆరబెడతారు.

ఈ విప్పడం, ఆరబెట్టడం బయటివారికి శ్రమగా కనిపించవచ్చు. తెప్ప సంరక్షణ అంతా అందులోనే ఉంది. తేలికకొయ్య నీరు పీల్చి బరువెక్కుతుంది. ఆరితేనే మరునాడు తేలుతుంది. ఎప్పుడూ నీటిలోనే నిలిచే ఓడకు కొయ్యను తొలిచే సముద్రపు పురుగు పెద్ద శత్రువు. రోజూ ఎండకెక్కే తెప్పలో దానికి చోటు దొరకదు. తాడు ఏ రోజు ఎక్కడ అరిగిందో విప్పేవాని చేతికి ఆ రోజే తెలుస్తుంది. ప్రత్యేకంగా మరమ్మతు కాలమంటూ కేటాయించనక్కరలేదు.

దిశను మార్చే ఏర్పాటు కూడా ఇదే తీరున ఉంటుంది. వెనుక కొసన పొడవైన తెడ్డు. దాన్ని పట్టి ఉంచే తాటి ఉచ్చు. తెడ్డుకు ఆ ఉచ్చే కీలు. ఇనుము లేదు కనుక తుప్పు లేదు. ఉచ్చు తెగితే మరో తాడు ముక్కతో నడిసముద్రంలోనే కట్టుకోవచ్చు. తెడ్డు విరిగితే మరో తెడ్డు ఆ పని చేస్తుంది, ఎందుకంటే నీరు తోయడానికి ఉన్నవీ అలాంటివే. తెరచాప ఎత్తినప్పుడు గాలి పక్కకు నెట్టకుండా నీటిలోకి నిలువుగా ఒక పలకను దింపుతారు. దాన్ని దింపే లోతు, దింపే చోటు కూడా తెప్ప ముఖం ఏ వైపు తిరుగుతుందో నిర్ణయిస్తాయి. అంటే దిశానియంత్రణ ఒక్క వస్తువులో లేదు. తెడ్డు, పలక, తెరచాప తాడు, మనిషి కూర్చునే చోటు అన్నీ కలిసి ఆ పని చేస్తాయి.

చుక్కాని పనిచేయాలంటే పలక పక్కనుంచి నీరు పారాలి. పడవ ఆగితే చుక్కానికి పట్టు ఉండదు. వెనుకనుంచి వచ్చే అల పడవతో సమాన వేగంతో కదిలినప్పుడూ పట్టు ఉండదు. సరిగ్గా ఆ క్షణంలోనే పడవ అడ్డం తిరిగి బోల్తాపడే ప్రమాదం ఎక్కువ. తెలుగు తీరంలో సహజమైన రేవులు తక్కువ. అలలు విరిగే చోటును దాటితే తప్ప ఒడ్డు లేదు. చేతితో ఊపే పొడవైన తెడ్డుకు పడవ వేగంతో పనిలేదు, ఆగి ఉన్నా తోసి తిప్పగలదు. ఒడ్డు తగిలే వేళ క్షణంలో పైకి తీసివేయవచ్చు. స్థిరంగా బిగించిన చుక్కాని అయితే ముందుగా ఇసుకను తాకి విరిగేది అదే. కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవను తండేలు పొడవైన తెడ్డుతోనే నడిపించడానికీ ఇదే కారణం. ఈ 'తండేలు' మాట 2025లో వచ్చిన ఒక సినిమా పేరుతో రాష్ట్రమంతటా వినిపించింది. తీరంలో అది శతాబ్దాల నాటి హోదా.

ఈ నేపథ్యంలో 'చుక్కాని లేని నావ' అన్న జాతీయాన్ని మరోసారి చూడాలి. నాయకత్వం లేని పార్టీకీ, పెద్దదిక్కు లేని కుటుంబానికీ పత్రికలు, ఉపన్యాసకులు ఈ ఉపమానం వాడుతుంటారు. అది ఓడ చూసినవారి ఉపమానం. తెప్ప ఎక్కినవారిది కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చుక్కాని లేని తెప్పలు తరతరాలుగా వేటకు వెళ్లి ఒడ్డుకు చేరాయి. పేరు గల వస్తువు ఉంటేనే విద్య ఉన్నట్లు లెక్కించే అలవాటు నిఘంటుకారులకే కాదు, చరిత్రకారులకూ ఉంది. తెప్పను ఆదిమదశగా, ఓడను వికాసంగా చూపే వర్ణనలు ఈ అలవాటు నుంచి వచ్చినవే.

4. సంగడి: రెండు దోనెల స్నేహం

నేడు ప్రపంచవ్యాప్తంగా 'కాటమరాన్' అంటే రెండు పొడవైన పడవదేహాలను వేదికతో కలిపిన నౌక. కట్టుమరానికి అలాంటి రెండు దేహాలు లేవు. 1876లో నథానియల్ హెరెషాఫ్ అనే అమెరికా నౌకానిర్మాత 'అమరిల్లిస్' అనే జంటదేహాల పడవతో న్యూయార్కు పందెంలో పాల్గొని ఇతర పడవలను చిత్తుచేశాడు. ఆ తరువాత అలాంటి పడవను పందేల నుంచి బహిష్కరించారు. ఈ కాలం నుంచే కాటమరాన్ పేరు జంటదేహాల పడవకు స్థిరపడుతూ వచ్చింది. ఆ విధంగా తమిళుల మాట తనది కాని వస్తువుకు పేరైంది.

ఆ వస్తువుకు తెలుగులో సొంత మాట ఉంది. సంగడి అంటే జత, సాన్నిహిత్యం; అలాగే కలిపి కట్టిన రెండు దోనెలు. 'సంగడికాడు' అంటే స్నేహితుడు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు రచన 'పెరిప్లస్' కోరమండల్ తీరంలో చూసిన 'సంగర' అనే పడవలను పేర్కొన్నది. అవి ఒంటికొయ్య పడవలను కలిపి కట్టిన పెద్ద నౌకలు. ఆ మాటను తమిళ 'సంగాడం', మలయాళ 'చంగాడం', తెలుగు సంగడి పదాలతో ముడిపెట్టే వాదం పండితుల్లో ఉంది. అదే రచన కొంత ముందుకు పోయి 'మసలియ'ను, అంటే మచిలీపట్నం ప్రాంతాన్ని, ప్రస్తావిస్తుంది.

కొల్లేటిలో తాటిమొద్దును తొలిచి చేసే దోనె ఒంటరిగా సులువుగా దొర్లిపోతుంది. రెండింటిని కలిపితే స్థిరత్వం వస్తుంది. కానీ స్థిరత్వంతోపాటు ఒక చిక్కు కూడా వస్తుంది. పొడవైన ప్రతి దోనె తిన్నగా పోవాలనే చూస్తుంది. రెండు కలిస్తే మలుపు తిప్పడం మరీ కష్టం. ఆధునిక జంటదేహాల పడవలో ఒక్కో దేహానికి ఒక్కో చుక్కాని పెట్టి, రెండింటినీ అడ్డకడ్డీతో కలుపుతారు. ఆ కడ్డీ పొడవులో కొద్ది తేడా వచ్చినా రెండు పలకలు సమాంతరంగా ఉండవు. అప్పుడు అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుని వేగాన్ని తింటాయి. కీళ్లు వదులైనా అదే ఫలితం. అందుకే అలాంటి పడవ యజమాని మరమ్మతుల్లో మొదటగా చూసుకోవలసింది కీళ్ల అరుగుదలను, కడ్డీ బిగువును. మన ఏర్లపై సంగడి ఈ చిక్కును మనుషులతోనే తీర్చింది. ఇరువైపులా గెడ వేసేవారిలో ఒకరు ఆగి మరొకరు తోస్తే సంగడి తిరుగుతుంది. కట్టు వదులైతే రెండు దోనెలు వేర్వేరుగా ఊగి తోపు వృథా అవుతుంది. కాబట్టి ఇక్కడ కూడా సంరక్షణ అంటే కట్టును చూసుకోవడమే.

కృష్ణపై బల్లకట్టు, గోదావరి పాయలపై పంటు ఈ సంగడి వంశంలోనివే. నరసాపురం–సఖినేటిపల్లి మధ్య వశిష్ఠను దాటించే పంటుపై మనుషులతోపాటు వాహనాలూ వెళ్తాయి. పేరు మారింది, ఇంజను వచ్చింది. పడవలపై బల్లలు పరిచి కట్టడమనే సూత్రం మారలేదు.

5. చుక్కాని లోపలికి వచ్చిన దారి

17వ శతాబ్దంలో నరసాపురం, మాధవాయపాలెం ఓడల నిర్మాణానికి పేరుపొందాయి. ఆంగ్లేయులు అక్కడ ఓడలు కట్టించుకునేవారు. ఆ తరువాతి కాలంలో కోరంగి, తాళ్లరేవు ఆ స్థానం పొందాయి. బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అన్నది ఆ రేవు పేరుతోనే. ఈ ఓడలకు వెనుక కొసన బిగించిన చుక్కాని, దానికి ఇనుప కీళ్లు తప్పనిసరి. కమ్మరి, వడ్రంగి కలిసి పనిచేయవలసిన చోటది. తెప్పకట్టుకు కమ్మరి అవసరమే లేదు. చుక్కాని రాకతో మారినది దిశను తిప్పే తీరు ఒక్కటే కాదు. మరమ్మతు ఎవరి చేతిలో ఉంటుందనేది కూడా మారింది. తాడు తెగితే జాలరి కట్టుకుంటాడు. కీలు విరిగితే రేవు చేరి కొలిమి దాకా పోవాలి. కొలిమికి డబ్బు, పనికి గడువు కావాలి.

చుక్కాని సామాన్యుల నోట నానిన మాటగా మారడానికి సముద్రం కంటే కాలువలే ఎక్కువ కారణమై ఉంటాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత గోదావరి డెల్టాలో కాలువలు సాగుకే కాక రాకపోకలకూ ఆధారమయ్యాయి. గాలి లేనప్పుడు గట్టుమీద నడుస్తూ మనుషులు తాటితో పడవను లాగేవారు. గట్టునుంచి లాగే తాడు పడవ ముక్కును గట్టువైపే తిప్పుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు సరిచేయడానికి వెనుక చుక్కాని పట్టేవాడు ఉండక తప్పదు. ఇక్కడ అల లేదు, తాకి విరగడానికి ఇసుక తిన్నె తక్కువ, నీటి ప్రవాహం నిలకడ. తెప్పకు పనికిరాని సాధనం కాలువ పడవకు అత్యవసరమైంది. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథకు నేపథ్యం ఈ కాలువ పడవల జీవితమే. సరంగు, చుక్కాని అన్న మాటలు సముద్రం చూడని పాఠకులకు పరిచయం కావడంలో ఇలాంటి సాహిత్యం పాత్రను తక్కువగా అంచనా వేయరాదు.

6. ఇంజను, ఫైబరు

20వ శతాబ్దపు చివరి పాదంలో మార్పు వేగం పుంజుకుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం తూర్పుతీరానికి తగిన ఒడ్డుచేరే పడవలను రూపొందించింది. ఆ నిపుణులకు ఎదురైన ముఖ్యమైన సమస్య ఇసుకను తాకినప్పుడు ఇంజను రెక్క విరగకుండా కాపాడటం. అందుకు వారు చేసిన ఏర్పాటు అవసరమైనప్పుడు పైకి ఎత్తగల యంత్రం. తెప్పవాడు తన తెడ్డును పైకి తీసే పనినే వారు ఇనుముతో తిరిగి కనిపెట్టారు. వారి నివేదికలను తీరవాసుల పరిభాషతో పోల్చి చదివితే ఈ సామ్యం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

ఆ తరువాత కొయ్యతెప్ప స్థానంలో ఫైబరు తెప్ప వచ్చింది. అది నీరు పీల్చదు, విప్పి ఆరబెట్టనక్కరలేదు. ఇంజను వచ్చింది, దాని పిడిని తిప్పితే నీటిలోని రెక్క దిశ మారి తెప్ప తిరుగుతుంది. శ్రమ తగ్గింది, వేట దూరం పెరిగింది. ఈ లాభాలను చిన్నచూపు చూసి, పాత తెప్పను ఆరాధించడం తీరవాసుల జీవితం తెలియని పని. అయితే సాంకేతికంగా ఒక మార్పును గుర్తించాలి. పాత తెప్పలో తెరచాప చిరిగినా తెడ్డు ఉండేది. తోసే శక్తి పోయినా తిప్పే శక్తి మిగిలేది. ఇంజనులో ఈ రెండు పనులూ ఒకే ఇరుసుపై చేరాయి. ఇంజను ఆగితే తోపు, మలుపు రెండూ ఒకేసారి పోతాయి. పైగా రెండు సగాలను రోజూ విప్పి కట్టే పని పోవడంతో, ఆ పని ద్వారా కొడుకు తండ్రి నుంచి నేర్చుకునే ముడుల విద్యకు సందర్భం లేకుండా పోయింది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన 'మాండలిక వృత్తి పదకోశం' వ్యవసాయ (1962), చేనేత (1971) సంపుటాలు పనిముట్టు పేరుతో ఆగక, దాని భాగాల పేర్లను, వాటితో చేసే పనులను ఊరూరా సేకరించాయి. తెప్ప విషయంలో ఆ పద్ధతికి ఒక సవరణ అవసరం. నాగలికి, మగ్గానికి భాగాలు ఉంటాయి కనుక నామవాచకాలు దొరుకుతాయి. తెడ్డుతో తెప్పను తిప్పడంలో ఎక్కువ భాగం క్రియ: ఎప్పుడు వేయాలి, ఎంత లోతు ముంచాలి, ఏ అలకు ఎత్తాలి, ఉచ్చును ఎంత బిగువుగా ఉంచాలి. కాబట్టి సేకర్త అడగవలసినది వస్తువుల పేర్లకంటే ముందు క్రియాపదాలు. భీమిలి, పూడిమడక, ఉప్పాడ, పూరీ పెంటకోట వంటి చోట్ల కొయ్యతెప్ప కట్టిన తరం ఇంకా జీవించి ఉండగానే ఆ సేకరణ జరగాలి. ఉచ్చుకు వేసే ముడి ఒక్కో ఊరిలో ఎలా మారుతుందో, ఆ ముడి విప్పే వాని చేతిని చూస్తూ, అతను వాడే మాటను అక్కడికక్కడే నమోదు చేసుకోవడంతో అది మొదలుపెట్టవచ్చు.